ఆ దీపాలన్నీ క్రిస్మస్‌వి కావు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ‘ముందే వచ్చిన క్రిస్మస్’ అని శీర్షిక పెట్టి మూడు రంగుల ఫొటోలు వేశారు. ఒకటి ఫ్రాన్స్‌లోని లియాన్ నగరం, కొండ మీద చర్చి వెలిగిపోతోంది. రెండోది కొలంబియాలో ఏదో వీధి, ఇళ్ల ముందు వరసగా కొవ్వొత్తులు, వాటి చుట్టూ పిల్లలు. మూడోది ఫిన్లాండ్‌లో ఒక ఇంటి కిటికీ, అద్దం వెనక రెండు కొవ్వొత్తులు. మూడింటికీ కలిపి కింద ఒకటే మాట: క్రిస్మస్ సంబరాలు అప్పుడే మొదలయ్యాయని. ఫొటోలు చాలా బావున్నాయి, మా ఆవిడ కత్తిరించి దాచింది కూడా. కానీ ఆ మూడింట్లో ఒక్కటి కూడా క్రిస్మస్ కాదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం. కొంచెం పొడుగైనా దయచేసి పూర్తిగా చదవండి.

నాది బారువ. పైప్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మొదట అబుదాబి, తర్వాత పోలెండ్, ఆఖర్న ఫిన్లాండ్. మా ఉద్దానంలో ఇదేమీ గొప్ప కాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా వెల్డరో, రిగ్గరో, ఫిట్టరో బయటి దేశంలో లేని వీధి కనపడదు. మీ పేపరు వచ్చేది ఆ ఇళ్లకే. కొడుకు ఉన్న దేశం పేరు కనపడితే ఆ తల్లి చత్వారం కళ్లద్దాలు వెతుక్కుని మరీ చదివించుకుంటుంది. అలాంటి చోట అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘క్రిస్మస్’ అనేస్తే, ఆ కుర్రాడు ఉన్న ఊళ్లో ఆ రోజు ఏం జరుగుతోందో ఆమెకి తెలిసే దారి పోయింది. అక్కడికి వెళ్లబోయే కుర్రాళ్లకీ తెలియదు. ఏజెంట్లు వీసా, టికెట్టు, మెడికల్ గురించి చెబుతారు తప్ప అక్కడి మనుషుల గురించి ఒక్క ముక్క చెప్పరు.

ముందు ఫిన్లాండ్ కిటికీ సంగతి చెబుతాను, ఎందుకంటే అలాంటి కిటికీ కిందనే నేను ఉన్నాను. తుర్కు అనే ఓడరేవు పట్నంలో నౌకల యార్డులో పని. డిసెంబర్ మొదటి వారంలో అక్కడ తొమ్మిది దాటాక గానీ తెల్లవారదు, మధ్యాహ్నం మూడున్నరకి పొద్దు పోతుంది. డ్యూటీకి వెళ్లేటప్పుడూ చీకటే, వచ్చేటప్పుడూ చీకటే. డిసెంబర్ 6 సాయంత్రం ఆరు గంటలయ్యేసరికి మా వీధిలో ఒక్కో కిటికీలోనూ రెండేసి కొవ్వొత్తులు వెలిగాయి. అన్ని ఇళ్లలోనూ రెండే. ఎనిమిది దాటాక ఒక్కొక్కటే ఆర్పేశారు. టపాసులు లేవు, మైకు లేదు. అది వాళ్ల స్వాతంత్ర్య దినం. నూరేళ్లకి పైగా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండి, 1917 డిసెంబర్ 6న స్వతంత్రులమని ప్రకటించుకున్నారు. మనకి ఆగస్టు 15 ఎలాగో వాళ్లకి అది అలాగ.

రెండు కొవ్వొత్తులే ఎందుకని మా ఫోర్‌మన్‌ని అడిగాను. వాళ్ల ఇంట్లో చెప్పుకునే కథ చెప్పాడు. రష్యా వాళ్ల కాలంలో కొంతమంది కుర్రాళ్లు చాటుగా దేశం దాటి, స్వీడన్ మీదుగా జర్మనీ వెళ్లి సైనిక శిక్షణ తీసుకునేవారట. దారిలో ఏ ఇంటి కిటికీలో రెండు కొవ్వొత్తులు కనిపిస్తే ఆ ఇంట్లో తిండీ, పడకా దొరుకుతాయని గుర్తు. పోలీసుకి అది మామూలు దీపం, దారినపోయే కుర్రాడికి మాత్రం పిలుపు. ఇది ఆయన చెప్పిన మాట, వాళ్ల దేశంలో చాలామంది ఇలాగే చెబుతారు. అదే రోజు సైనికుల సమాధుల దగ్గర కూడా వెలిగిస్తారు. శ్మశానం అంతా మంచు, ఆ మంచులో వరసలు వరసలుగా చిన్న దీపాలు. మా యార్డు నుంచి వచ్చే దారిలోనే ఉండేది, బస్సు కిటికీ తుడుచుకుని చూసేవాళ్లం.

మర్నాటి ఏడు మేం కూడా పెట్టాం. మా క్వార్టర్స్‌లో నిప్పు నిషేధం. యార్డులో హాట్ వర్క్ పర్మిట్, అంటే నిప్పు రాజేసే పనికి అనుమతి, లేకుండా లైటరు కూడా తీయనివ్వరు, రూముల్లో అయితే పొగ డిటెక్టర్లు. అందుకని మందసకి చెందిన కుర్రాడొకడు దుకాణంలో బ్యాటరీ కొవ్వొత్తులు రెండు కొన్నాడు, తెల్లదొకటి, నీలిదొకటి, వాళ్ల జెండా రంగులు. సరిగ్గా ఆరింటికి కిటికీలో పెట్టాడు. కింది అంతస్తులో ఉండే ఆయన అప్పటిదాకా మమ్మల్ని చూసి తల ఊపింది కూడా లేదు. రెండు రోజుల తర్వాత లిఫ్టు దగ్గర ఆగి, వచ్చిన ఇంగ్లిషులోనే, మీది ఏ దేశం, మీకు స్వాతంత్ర్యం ఎప్పుడొచ్చిందని అడిగాడు. 1947 అన్నాం. ఎవరి నుంచి అన్నాడు. అలా మాట కలిసింది. ఆ శీతాకాలమంతా మాకు బస్సు పాసు దగ్గర నుంచి పంటి డాక్టరు దాకా దారి చూపింది ఆయనే. ఆ కుర్రాడు అది క్రిస్మస్ అనుకుని ఉంటే ఆ పని చేసేవాడు కాదు కదా.

ఇక లియాన్. నేను చూడలేదు, మా మేనల్లుడు అక్కడ రెండేళ్లు చదివాడు. వాడు వీడియో కాల్‌లో చూపించింది, చెప్పింది రాస్తున్నాను. ఆ పండుగ డిసెంబర్ 8. ఆ ఊళ్లో ఫూర్వియేర్ అనే కొండ ఉంది. 1643లో ప్లేగు భయం వచ్చినప్పుడు ఊరి పెద్దలు ఆ కొండ మీది మరియమాతకి మొక్కుకున్నారు. తర్వాత రెండు వందల ఏళ్లకి పైగా గడిచాక, పాత గుడి గంటల గోపురం మీద మాతకి బంగారు పూత విగ్రహం నిలబెట్టాలనుకున్నారు. 1852 సెప్టెంబర్ 8, అంటే మరియమాత పుట్టినరోజున, ముహూర్తం. ఈలోగా సోన్ నదికి వరద వచ్చి విగ్రహం పోత పోసే కార్ఖానా మునిగింది. పని ఆలస్యమైంది. సరేనని డిసెంబర్ 8కి మార్చారు. ఆ రోజు పొద్దున్న గాలివాన. బాణసంచా అదీ ఆపేద్దాం అనుకుంటుండగానే సాయంత్రానికి ఆకాశం విడిచింది. ఎవరూ చెప్పకుండానే జనం కిటికీల్లో దీపాలు పెట్టి వీధుల్లోకి వచ్చేశారు. అప్పటి నుంచీ ఏటా పెడుతున్నారు.

ఆ దీపం ఎలా ఉంటుందో మేనల్లుడు కెమెరా దగ్గరగా పెట్టి చూపించాడు. అరచేతిలో పట్టే గాజు గ్లాసు, పక్కలకి నిలువు గీతలు కోసి ఉంటాయి. అందులో పొట్టి కొవ్వొత్తి. గాలికి ఆరదు, గీతల వల్ల వెలుగు గోడ మీద చారలుగా పడుతుంది. వాడి ఇంటి యజమానురాలు నవంబర్ ఆఖర్లోనే అటక మీంచి గ్లాసుల పెట్టె దించి, ఒక్కోటీ కడిగి తుడిచి ఎండబెట్టిందట. మన ఆడవాళ్లు కార్తీకానికి ప్రమిదలు తీసినట్టే.

మీ ఫొటోలో కనపడే రంగురంగుల కాంతులు, గోడల మీద బొమ్మలు తర్వాత వచ్చినవి. నగరపాలక సంస్థ నాలుగు రాత్రులు ప్రదర్శన పెడుతుంది, లక్షల మంది వస్తారు. అది మంచిదే, తప్పు పట్టను. కానీ 2015లో ఏం జరిగిందో మీ పాఠకులకి తెలియాలి. ఆ నవంబర్ 13న పారిస్‌లో ఉగ్రవాదులు 130 మందిని చంపారు. అంత జనాన్ని కాపాడలేమని లియాన్‌లో ప్రదర్శనలన్నీ రద్దు చేశారు. రంగుల లైట్లు లేవు. అయినా డిసెంబర్ 8 సాయంత్రం కిటికీ కిటికీకీ గ్లాసు దీపాలు పెట్టారు, పోయినవాళ్ల పేరు మీద పెట్టారు. 2020లో కరోనా వల్ల మళ్లీ ప్రదర్శన లేదు, మళ్లీ కిటికీ దీపాలే. పండుగలో ఏది పైపైది, ఏది అసలుదో ఆ రెండేళ్లూ చూపించాయి. మీ ఫొటోగ్రాఫరు పంపింది పైపైది, కిటికీ ఒక్కటీ లేదు అందులో.

కొలంబియా వీధి కూడా ఇదే పండుగకి ముందు రాత్రి. డిసెంబర్ 7 చీకటి పడగానే అరుగుల మీద, గేట్ల ముందు, కిటికీల్లో కొవ్వొత్తులు, కాగితపు లాంతర్లు పెడతారు. డిసెంబర్ 8 క్యాథలిక్కులకి నిష్కళంక మరియమాత పండుగ. మరియమాత తన తల్లి కడుపున పడినప్పుడే పాపం అంటకుండా పడిందని వాళ్ల నమ్మకం. సెప్టెంబర్ 8 పుట్టినరోజుకి సరిగ్గా తొమ్మిది నెలల ముందు డిసెంబర్ 8 వస్తుంది, లెక్క అదీ. తొమ్మిదో పయస్ అనే పోప్ 1854లో ఆ నమ్మకాన్ని సిద్ధాంతంగా ప్రకటించాడు. ఏసు పుట్టుకతో ఈ తేదీకి సంబంధం లేదు, చాలామంది ఇక్కడే పొరపడతారు. అదే డిసెంబర్ 7 రాత్రి గ్వాటెమాలాలో ఇంట్లోని చెత్తా చెదారం ఇంటిముందు పోగేసి, సైతాను బొమ్మ పెట్టి తగలబెడతారు. మాత పండుగకి ముందు ఇల్లు శుభ్రం కావాలని. భోగి మంట ఎరిగిన మనవాళ్లకి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

పోలెండ్ మీ పేజీలో లేదు. ఉండాల్సింది. మా ఉద్దానం కుర్రాళ్లు ఇప్పుడు ఎక్కువగా వెళ్తున్న దేశం అదే. నేను దక్షిణాన సైలీషియా అనే బొగ్గు గనుల ప్రాంతంలో ఒక విద్యుత్ కేంద్రం పనిలో ఉన్నాను. కటోవిత్సె పట్నం అంచున గని కార్మికుల కోసం నూరేళ్ల కిందట కట్టిన ఎర్ర ఇటుకల పేట ఉంది, నికిషోవియెత్స్ అంటారు. కిటికీ చట్రాలకి కూడా ఎర్ర రంగే. మా రూములు దానికి దగ్గర్లోనే. డిసెంబర్ 4 తెల్లవారుజామున, ఇంకా చిమ్మచీకటి, ఒక్కసారిగా బ్యాండు మేళం. పెద్ద బాకాలు, డ్రమ్ములు. సోంపేట కుర్రాడు మంచం మీద లేచి కూర్చుని ‘ఏటి మావా, సమ్మె గానీ అయిందేటి?’ అని టెన్షన్ పడ్డాడు. కిందికి దిగి చూస్తే నల్ల యూనిఫాం, ఇత్తడి బొత్తాలు, నెత్తిన ఎత్తు టోపీ, టోపీకి ఈకల కుచ్చు. గని కార్మికుడికి నల్ల ఈకలు, ఇంజినీర్లకి తెల్లవి, వాయించేవాళ్లకి ఎర్రవి. వీధి వీధీ తిరిగి పేటంతా లేపుతున్నారు. ముసలివాళ్లు కిటికీలు తెరిచి చేతులూపుతున్నారు.

ఆ రోజు సెయింట్ బార్బరా పండుగ. తండ్రి ఆమెని బురుజులో బంధించి, క్రైస్తవురాలైందని తెలిసి తన చేత్తో తల నరికాడని, వెంటనే పిడుగు పడి చచ్చాడని కథ. అందుకని ఉన్నట్టుండి చావు ఎదురయ్యే పనులు చేసేవాళ్లందరికీ ఆమె కాపుదల. గనుల్లో దిగేవాళ్లు, సొరంగాలు తవ్వేవాళ్లు, ఫిరంగులు పేల్చేవాళ్లు ఆమెనే తలుస్తారు. గనిలోకి దిగే ముందు గుమికూడే హాల్లో ఆమె బొమ్మ ఉంటుంది, దానికి పూలు, దీపం. పెద్దాయన ఒకడు నాకు ఇంకో మాట చెప్పాడు: బార్బరా నాడు వాన పడితే క్రిస్మస్‌కి మంచు గడ్డకడుతుందట. మన కార్తెల సామెతల్లాంటిదే. మా సైట్‌లో ఉన్న జర్మన్ వెల్డర్ అదే రోజు చెర్రీ కొమ్మ ఒకటి కోసి నీళ్ల సీసాలో పెట్టాడు. అది క్రిస్మస్ నాటికి పూస్తుందని.

గరివిడి, చీపురుపల్లి వైపు మాంగనీస్ గనుల్లో పనిచేసినవాళ్లు మన విజయనగరం జిల్లాలో ఎంతమంది లేరు? మా పెదనాన్న అక్కడే పనిచేశాడు. దసరాకి గడ్డపారకి పసుపు రాసి బొట్టు పెట్టి, ఆ రోజు దాన్ని నేల మీద ఆననిచ్చేవాడు కాదు. పని మింగేస్తుందేమోనన్న భయం ఉన్నచోట దీపం పెట్టని మనిషి ఉండడు. ఆ సైలీషియా బ్యాండు వార్త మీరు ఒక్కసారి సరిగ్గా వేస్తే గరివిడిలో చదివినవాడు ఇట్టే పట్టుకుంటాడు. అదే ‘క్రిస్మస్ బ్యాండు’ అని వేస్తే పేజీ తిప్పేస్తాడు.

పోలెండ్‌లో డిసెంబర్ 6 పిల్లల రోజు. సెయింట్ నికొలస్ పేరు మీద ముందు రాత్రి బూట్లు తుడిచి పెడితే పొద్దున్నకి అందులో మిఠాయిలు ఉంటాయి. నెదర్లాండ్స్‌లో డిసెంబర్ 5 రాత్రే బహుమతులు ఇచ్చేస్తారు, క్రిస్మస్ దాకా ఆగరు. ఇప్పుడు మన షాపుల ముందు నిలబెట్టే ఎర్ర కోటు తాత ఆ నెదర్లాండ్స్ పండుగ నుంచే అమెరికా వెళ్లి అలా మారాడు. ఫిన్లాండ్ యార్డులో మాతో పనిచేసిన టర్కీ ఫిట్టర్లు ‘ఆ నికొలస్ మా దేశంవాడే’ అని గర్వంగా చెప్పేవాళ్లు. వాళ్లు ముస్లింలు. అయినా ఊరివాడు ఊరివాడే. నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊరికి ఆయన బిషప్, ఇప్పుడది టర్కీ దక్షిణ తీరంలోని దెమ్రె. సముద్రం మీద పోయేవాళ్లకి ఆయన దిక్కు. మన బారువ, భావనపాడు, కళింగపట్నం మత్స్యకారులు గంగమ్మని తలిచినట్టు అక్కడి నావికులు ఆయన్ని తలుస్తారు. ఈ మాట మీ పేపర్లో వస్తే మా బెస్తవీధిలో ఆసక్తిగా చదువుతారని నాకు గట్టి నమ్మకం.

అబుదాబి సంగతి మనవాళ్లందరికీ తెలిసిందే కనుక రెండు ముక్కల్లో చెబుతాను. డిసెంబర్ 2 అక్కడ జాతీయ దినం. 1971లో ఆరు ఎమిరేట్లు కలిసి ఒక దేశమయ్యాయి, ఏడోది రాస్ అల్ ఖైమా మర్నాటి ఏడు ఫిబ్రవరిలో చేరింది. రోడ్లన్నీ ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు దీపాలు. ఎరుపూ ఆకుపచ్చా చూసి క్రిస్మస్ అనుకునేవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ ఉన్నారు.

ఇప్పుడు మన సంగతి. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. ఆ పేజీలో ప్రపంచమంతా ఉంది, మేం లేం. మా దీపం డిసెంబర్‌లో వెలగదా? కార్తీక అమావాస్య మర్నాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున, ఆడవాళ్లు పోలిని స్వర్గానికి పంపిస్తారు. కొన్నేళ్లు అది నవంబర్‌లోనే వచ్చేస్తుంది, కొన్నేళ్లు డిసెంబర్ మొదటి వారంలో పడుతుంది. 2018లో డిసెంబర్ 8న వచ్చింది, పాత పంచాంగం తీసి చూడండి. సరిగ్గా లియాన్ రోజు. 2021లో డిసెంబర్ 5న, 2024లో డిసెంబర్ 2న వచ్చింది.

2018 మా ఉద్దానానికి తిత్లీ ఏడాది. అక్టోబర్ 11 తెల్లవారుజామున తుపాను పలాస పక్కన తీరం దాటింది. పెంచిన కొబ్బరి చెట్లు, జీడి తోటలు వేర్లతో సహా పడిపోయాయి. స్తంభాలు నేలకొరిగి చాలా రోజులు కరెంటు లేదు. నేను అప్పుడు పోలెండ్‌లో ఉన్నాను. ఫోను ఛార్జింగ్ కోసం మా అబ్బాయి ఎవరిదో జనరేటర్ దగ్గర లైన్లో నిలబడి నాతో మాట్లాడేవాడు. ఆ ఏడు పోలి పాడ్యమి ఎవరు చేస్తారులే అనుకున్నాను. మా ఆవిడ చేసింది, వీధి అంతా చేసింది. తోటలో పడిపోయిన అరటి బోదెలే దొప్పలు చీల్చుకున్నారు. నెలంతా పెట్టలేకపోయిన దీపాలకి బదులుగా 30 ఒత్తులు ఆవునేతిలో తడిపి ఒకేసారి వెలిగించి, మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట నీళ్లమీద వదిలారు. మేనల్లుడు లియాన్ నుంచి, మా ఆవిడ బారువ నుంచి అదే రోజు నాకు వీడియోలు పంపారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశాను. రెండు ఊళ్లలోనూ వరదో గాలివానో వచ్చిపోయాక వెలిగిన దీపాలే.

పోలి కథ మీ పాఠకుల్లో పెద్దవాళ్లకి తెలుసు, పిల్లలకి తెలియడం లేదు. అత్తగారు పెద్ద కోడళ్లని వెంటబెట్టుకుని నదికి వెళ్లేది. చిన్న కోడలు పోలిని మాత్రం పనులు అప్పజెప్పి ఇంట్లో వదిలేసేది. దీపానికి కావలసిన సామాను కూడా దక్కనిచ్చేది కాదు. పోలి పెరట్లో చెట్టు కింద రాలిన పత్తి ఏరి ఒత్తి చేసింది, కవ్వానికి అంటుకున్న వెన్న తీసి తడిపింది, వెలిగించి అత్తగారికి కనపడకుండా బుట్ట బోర్లించింది. నెలంతా అలాగే చేసింది. ఆఖరి రోజు విమానం వచ్చింది ఆమె కోసమే. అత్తగారూ తోడికోడళ్లూ కాళ్లు పట్టుకుని వేలాడినా వాళ్లకి చోటు దొరకలేదు. 2021లో జవాద్ తుపాను హెచ్చరికతో తీరానికి ఎవరూ రావద్దని చాటింపు వేస్తే మా వీధి ఆడవాళ్లు తులసికోట దగ్గర పళ్లెంలో నీళ్లు పోసి దొప్పలు వదిలారు. ‘పోలి కూడా ఇంట్లోనే పెట్టింది కదమ్మా’ అని మా పక్కింటి మామ్మ అందరికీ ధైర్యం చెప్పింది.

ఆ పాడ్యమి నుంచే మార్గశిరం, ప్రతి లక్ష్మీవారం అమ్మవారిది. కోతలయ్యి ధాన్యం కుప్పలు కళ్లంలో ఉండే రోజులు. గడప కడిగి, వరిపిండితో వాకిలి నుంచి దేవుడి గది దాకా లక్ష్మీదేవి పాదాలు వేస్తారు. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఒరియా ఇళ్లలో ఆ ముగ్గు ఇంకా అందంగా ఉంటుంది. బియ్యం నానబెట్టి రుబ్బిన పిండిలో వేళ్లు ముంచి, గోడల మీద ధాన్యపు వెన్నులు దించుతారు. వాళ్లు చెప్పే కథలో లక్ష్మీదేవి పూరీ గుడి విడిచి, ఊరి బయట ఒక పేదరాలి గుడిసెకి వెళ్తుంది, వాకిలి శుభ్రంగా ఉందని, ముగ్గు వేసి ఉందని. కులం చూడలేదు.

మా క్రైస్తవ సోదరులకి కూడా ఆ శీర్షిక న్యాయం చేయలేదు. డిసెంబర్ మొదట్లో వాళ్ల ఇళ్ల మీద కాగితపు నక్షత్రం ఎక్కుతుంది, సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు పెడతారు, కేరల్స్‌కి ఇంటింటికీ వస్తారు. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్) చర్చిల్లో క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలకి చక్రంలా పేర్చిన నాలుగు కొవ్వొత్తులు, వారానికి ఒకటి చొప్పున వెలిగిస్తారు. అది ఎదురుచూపు కాలం, పండుగ ఇంకా రాలేదని చెప్పే కాలం. ‘ముందే వచ్చిన క్రిస్మస్’ అంటే ఆ ఎదురుచూపుకి విలువ లేనట్టే. ఆ కొవ్వొత్తుల చక్రాన్ని 1839లో జర్మనీ హాంబర్గ్‌లో విషెర్న్ అనే పాస్టరు పేద పిల్లల ఆశ్రమంలో మొదలుపెట్టాడు. క్రిస్మస్ ఎప్పుడని రోజూ అడిగే పిల్లలకి రోజులు లెక్కపెట్టుకోవడానికి పాత బండి చక్రానికి కొవ్వొత్తులు గుచ్చాడు. కాగితపు నక్షత్రం కూడా జర్మనీలోనే 1830ల్లో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం బడిలో పిల్లలకి లెక్కలు నేర్పడానికి చేసిందట. ఈ సంగతులు మా ఊరి ఫాదర్ గారు చెప్పారు. అడిగితే మీ విలేకరికీ చెబుతారు.

అయ్యా, నేను కోరేది ఇదీ. వచ్చే డిసెంబర్‌లో ఆ పేజీ మళ్లీ వేయండి, తప్పకుండా వేయండి. కానీ ఫొటో ఫొటోకీ కింద తేదీ, పండుగ పేరు, ఎందుకు వెలిగిస్తారన్నది రెండు వాక్యాలు రాయండి. డిసెంబర్ 2, 4, 6, 7, 8 తేదీలు ఒక చిన్న పెట్టెలో వేసినా చాలు, మా ఊళ్లో కొడుకులకి ఫోన్ చేసే తల్లులు గోడకి అంటించుకుంటారు. ‘ఇవాళ మీ దగ్గర దీపాలు పెట్టారా బాబూ’ అని అడగడానికి వాళ్లకి ఒక మాట దొరుకుతుంది. బయటి దేశాల్లో పనిచేసి వచ్చినవాళ్లు మన రెండు జిల్లాల్లో కావలసినంత మంది ఉన్నారు, వాళ్లని అడిగి రాయించండి. చూసినవాడు చెప్పేది ఏజెన్సీ ఫొటో కింద మాట కంటే నమ్మకంగా ఉంటుంది.

అదే పేజీలో పోలి పాడ్యమి ఫొటో ఒకటి ఉండాలి. బారువ గాని, శ్రీకాకుళంలో నాగావళి గాని, విజయనగరంలో అయ్యకోనేరు గాని, ఎక్కడిదైనా సరే. ఒక్క మనవి: అరటి దొప్పలో వదిలిన దీపాన్నే తీయించండి. ఈమధ్య థర్మాకోల్ పళ్లేలు అమ్ముతున్నారు, అవి మునగవు, కరగవు, మా తీరం తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం. అలాంటి ఫొటో పేపర్లో పడితే మర్నాటి ఏడు అందరూ అదే కొంటారు.

తేదీ కోసం క్యాలెండర్ చూడకుండా మీ సిద్ధాంతి గారిని అడిగించండి, ఏటా మారుతుంది. ఫొటోగ్రాఫరు తెల్లవారుజామున నాలుగున్నరకల్లా నీళ్ల దగ్గర ఉండాలి, వెలుతురు వచ్చేసరికి ఆడవాళ్లు ఇళ్లకి వెళ్లిపోతారు. ఆ వేళకి సోంపేట నుంచి ఆటోలు దొరకవు. ముందురోజు రాత్రే వచ్చి మా ఇంట్లో పడుకోమనండి. మా ఆవిడ ఇప్పుడే చెప్పింది, భోజనం కూడా ఇక్కడే అని.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పైప్ ఫిట్టర్,
బారువ, సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా